‘దెగో’ అన్నారు మేడమ్: లియోన్‌లో ఒక తెలుగమ్మాయి కేసు

నవంబరులో ఒక రాత్రి పదకొండున్నరకు హైదరాబాద్‌లో నా ఫోన్ మోగింది. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో అప్పుడు సాయంత్రం ఏడు. "మేడమ్, ఆ ఇంట్లో పని మానేద్దామనుకుంటున్నా" అంది నా పాత విద్యార్థిని. గొంతు పూడుకుపోయి ఉంది. మెట్రో స్టేషన్ బయట నిలబడి మాట్లాడుతోందట, వెనకాల బళ్ల మోత వినిపిస్తోంది. "ఆ పిల్లల నాన్న నా గోంగూర పచ్చడి తిని ‘దెగో’ అన్నాడు మేడమ్. నా మొహం మీదే." దెగో అంటే ఫ్రెంచ్‌లో రోతగా ఉందనే మోటు మాట.

"ఒక్క దెగో అనే అన్నాడా, దాని ముందు ఇంకేమైనా ఉందా?" అని అడిగాను. తనకు గుర్తులేదు. ఆ ఒక్క మాట చెవిన పడగానే మిగతాది వినపడలేదంది.

ఆ వినపడని మాట దగ్గరికి వస్తాను. ముందు ఈ అమ్మాయి గురించి, నా గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. తన అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను. తనను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేను హైదరాబాద్‌లో పన్నెండేళ్లుగా ఫ్రెంచ్ చెబుతున్నాను. ఒకప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది సెకండ్ లాంగ్వేజ్ మార్కుల కోసం వచ్చే కాలేజీ పిల్లలు. ఇప్పుడు సగం మంది ఫ్రాన్స్‌లో మాస్టర్స్‌కు వెళ్లేవాళ్లు, మిగతా సగం కెనడా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) కోసం చదివేవాళ్లు. ఫ్రెంచ్ వచ్చినవాళ్లను కెనడా 2023 నుంచి విడిగా డ్రా తీసి పిలుస్తోంది కదా, అప్పటినుంచి బ్యాచ్‌లు నిండుతున్నాయి. ఈ అమ్మాయిది విజయవాడ. బీటెక్ అయ్యాక మాస్టర్స్‌కు లియోన్ వెళ్లింది. వెళ్లేముందు నా దగ్గర బీ1 (మధ్య) స్థాయి పూర్తి చేసింది, మౌఖిక పరీక్షలో 25కి 21 తెచ్చుకుంది. వ్యాకరణంలో తప్పు పట్టడానికి ఉండదు.

ఫ్రాన్స్‌లో విదేశీ విద్యార్థులు ఏడాదికి 964 గంటల వరకు పని చేసుకోవచ్చు. మనవాళ్లు చాలామంది హోటళ్లలోనో సూపర్ మార్కెట్లలోనో చేరతారు. ఈ అమ్మాయి పిల్లల్ని చూసుకునే పని ఎంచుకుంది. సాయంత్రం నాలుగున్నరకు స్కూలు గేటు దగ్గర ఇద్దరు పిల్లల్ని అందుకుని, ఇంటికి తీసుకొచ్చి ‘గూతే’ పెట్టి, స్నానాలు చేయించి, తల్లిదండ్రులు వచ్చేదాకా ఉండాలి. గూతే అంటే సాయంత్రం చిరుతిండి. పిల్లకు ఏడేళ్లు, పిల్లాడికి నాలుగు. ఇల్లు క్రువా-రూస్ కొండ మీద, ఒకప్పటి పట్టు నేతగాళ్ల పేట. పనికి పని, మాట్లాడే ఫ్రెంచ్ కూడా మెరుగుపడుతుందని నేనే ప్రోత్సహించాను.

జరిగింది ఏమిటి

ఫోన్ చేసిన రోజు కథ ఒక్కరోజులో పుట్టలేదు. విడదీసి అడిగితే మూడు సంఘటనలు తేలాయి.

మొదటిది అక్టోబరులో. ఆ ఇంటి తల్లి ఫ్రిజ్‌లోంచి ఒక చీజ్ తీసి, రుచి చూస్తావా అని అడిగింది. పేరు మున్‌స్తేర్. అల్సాస్, వోజ్ కొండల వైపు చేస్తారు. పైతొక్కను ఉప్పునీళ్లతో కడుగుతూ మాగబెడతారు, అందుకే డబ్బా మూత తీయగానే గదంతా వాసన. మనింట్లో ఎండుచేపలు పెనం మీద పడ్డప్పటి సంగతి గుర్తుచేసుకోండి. ఈ అమ్మాయి ముక్కు మూసుకుని, నా దగ్గర నేర్చుకున్న మంచి వాక్యం ఒకటి పూర్తిగా, స్పష్టంగా చెప్పింది: "సె దెగూతాఁ, మదామ్." అసహ్యంగా ఉందండీ అని. వ్యాకరణం సరిగ్గా ఉంది. మదామ్ అని మర్యాద కూడా ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. డబ్బా మూసి లోపల పెట్టేసింది. ఆ తర్వాత రెండు వారాలు పనికి సంబంధించిన మాట తప్ప వేరే మాట లేదట.

రెండోది పులిహోర. పిల్లలకు రుచి చూపిద్దామని ప్రేమగా చేసి పట్టుకెళ్లింది. నాలుగేళ్లవాడు ఒక్క మెతుకు నోట్లో పెట్టుకుని, నాలుక బయటపెట్టి "బొర్క్!" అన్నాడు. అప్పుడే వచ్చిన తల్లి వాడితో ఒక వాక్యం అంది. తనకు బొర్క్ అన్న ముక్క తప్ప ఏమీ అర్థం కాలేదు. అందులో బొర్క్ మళ్లీ వినపడింది కాబట్టి తల్లి కూడా అదే అందనుకుంది.

మూడోది ఆ రాత్రి గోంగూర.

మూడూ కలిపి చూస్తే తనకు అర్థమైంది ఒక్కటే: మా తిండి అంటే వీళ్లకు రోత, నేనన్నా అంతే.

నా తప్పు

ఆ రాత్రి తనకు నచ్చజెప్పి పడుకోమన్నాను కానీ నాకు నిద్ర పట్టలేదు. లేచి నా పాత క్లాసు నోట్సు తీశాను. భావోద్వేగాల పాఠం. ‘దెగూతాఁ = అసహ్యకరం’ అని నా చేతిరాతే. దాని కింద ‘పువా = ఛీ’. అంతే. ఎవరు, ఎవరితో, దేని గురించి అనవచ్చో ఒక్క అక్షరం లేదు. బొర్క్ అసలే లేదు. ఫ్రెంచ్ ఇళ్లలో పిల్లల నోట రోజూ వినపడే మాట నా పాఠంలో లేదు. ‘పువా’ మాత్రం ఉంది. అది ఇప్పుడు ఎక్కువగా కామిక్ పుస్తకాల బుడగల్లో, పాత కథల్లో, కావాలని నాటకీయంగా మాట్లాడేటప్పుడు కనిపించే మాట. ఇది ఆ అమ్మాయి తప్పు కాదు, నేను చేతికిచ్చిన పనిముట్టే తప్పు.

ఈ చిన్న మాటల్ని వ్యాకరణ పుస్తకాలు అవ్యయాల అధ్యాయంలో చివరి అరపేజీలో పెడతాయి. ఉప్పు కారం తర్వాత చల్లే కొత్తిమీరలాగా. నేనూ అలాగే చెప్పాను. కానీ మనిషి నోటినుంచి ఆలోచనకంటే ముందు వచ్చేవి ఇవే. ఎదుటివాళ్లు మనల్ని తూచేదీ వీటితోనే.

మాటల లెక్క తీయడం

తర్వాతి ఆదివారం రెండు గంటలు వీడియో కాల్‌లో కూర్చున్నాం. మొదట మాటలన్నీ బల్లమీద పోసి చూశాం.

‘బొర్క్’ శబ్దానుకరణ. వాంతికి ముందు గొంతు చేసే చప్పుడే మాట అయింది. ‘బెర్క్’ అని కూడా రాస్తారు. పిల్లల మాట. పెద్దవాళ్లు వాడతారు, స్నేహితుల మధ్య, సింకులో జుట్టు ఇరుక్కున్నప్పుడు, ఫ్రిజ్‌లో మరిచిపోయిన కూరగాయ బూజు పట్టినప్పుడు. ఇంకా పసివాళ్లతో అయితే ‘కాకా’ అంటారు. కిందపడ్డది నోట్లో పెట్టుకోబోతే "బా, కాకా!" అని చెయ్యి పట్టి లాగుతారు. ‘బా’ ఒక్కటే వస్తే మాత్రం రోత కానక్కర్లేదు. "అదేముందిలే" అన్నట్టు కూడా ఉంటుంది. ‘బోఫ్’ అసలు రోతే కాదు, అంత బాగా ఏం లేదులే అని పెదవి విరవడం. కొత్తవాళ్లు బోఫ్‌నూ బొర్క్‌నూ కలిపేస్తారు, రెండింటికీ మధ్య ఆమడ దూరం ఉంది.

‘ఫి’ అని ఒకటి ఉండేది. పాత నాటకాల్లో పెద్దింటి ఆడవాళ్లు ‘ఫి దోఁ’ అంటారు, అచ్చం మన "ఛీ, పాడు". నోటినుంచి ఇప్పుడది పోయింది కానీ ‘ఫెర్ ఫి ద’ అన్న జాతీయంలో మిగిలింది, లెక్కచేయకపోవడం అని అర్థం. మనం ఛీకొట్టడం అన్నట్టే అవ్యయం క్రియలోకి దూరి బతికిపోయింది.

అసలు చిక్కు ‘దెగొలాస్’ దగ్గర. ‘గొల్’ అంటే జంతువు నోరు, మనిషిని తిట్టేటప్పుడు మనిషి నోరు కూడా. ‘దెగొలే’ అంటే కక్కడం. అందులోంచి వచ్చింది దెగొలాస్, దాన్ని కత్తిరిస్తే దెగో. మోటు మాట, కానీ అందరి నోటా ఉంటుంది. తిండికే పరిమితం కాదు. ఇంటి ఓనరు అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోతే ‘సె దెగొలాస్’, అన్యాయం అని. నేలంతా బురదైతే కూడా అదే మాట. మన తెలంగాణలో గలీజు అన్న మాట ఇల్లు నుంచి మనిషి బుద్ధి దాకా ఎలా పోతుందో ఇదీ అంతే.

‘దెగూతాఁ’ దీనికంటే శుభ్రమైన మాట, నిఘంటువులో మర్యాదగా కూర్చుంటుంది. అందుకే ఇంకా ప్రమాదం. దెగో అంటే నోరు జారిందనుకుంటారు. పూర్తి వాక్యంలో తీర్పులాగా "ఇది దెగూతాఁ" అంటే ఆలోచించి అన్నట్టు. ‘గూ’ అంటే రుచి, ‘దెగూ’ అంటే రుచి తొలగడం, ఇంగ్లీషులోని డిస్గస్ట్ కూడా పాత ఫ్రెంచ్ నుంచి వచ్చిన ఇదే మాట. పిల్లలకు పెట్టే గూతేలోనూ అదే ‘గూ’ ఉంది. రోజూ సాయంత్రం ఆ మాట వాడుతూ కూడా రెంటికీ చుట్టరికం ఉందని తనకు తట్టలేదు. చెప్పగానే కళ్లు పెద్దవి చేసింది.

అక్కడే ఇంకో గుంట ఉంది. ‘జ స్వి దెగూతే’ అంటే నాకు అసహ్యమేసింది అని కాదు చాలాసార్లు. మ్యాచ్ ఓడిపోయినా, టికెట్లు దొరకకపోయినా కుర్రాళ్లు అదే అంటారు: మనసు చివుక్కుమంది, ఉసూరుమంది అని. తన క్లాస్‌మేట్ ఒకడు గ్రూపు ప్రాజెక్టు మార్కులు చూసి అలా అన్నప్పుడు నా మీద అసహ్యం పడ్డాడేమో అని ఒక రాత్రంతా టెన్షన్ పడిందట. అదీ ఆ రోజే బయటపడింది.

‘ఎకొరాఁ’ మాత్రం తనకు వెంటనే పట్టుబడింది, మనకు సరైన మాట ఉంది కాబట్టి: వెగటు. అతిగా తీపో నెయ్యో పడి కడుపులో తిప్పడం. మాటలో ‘కొర్’ ఉంది, గుండె. ఫ్రెంచ్‌వాళ్లు ‘మాల్ ఓ కొర్’ అంటే గుండెనొప్పి అనుకుని కంగారు పడకూడదు, వాంతి వచ్చేట్టు ఉందని. ఘాట్ రోడ్డు మీద బస్సులో మనకొచ్చేది అదే. మాంట్రియల్ వెళ్లబోయే నా విద్యార్థులకు ఇంకో మాట కూడా చెబుతాను: అక్కడ బొర్క్‌కు బదులు ‘వాష్’ వినిపిస్తుంది, ఎకొరాఁ అని మురిసిపోతూ అంటే అద్భుతంగా ఉందని మెచ్చుకోలు. సముద్రం దాటితే మాట తిరగబడింది.

‘పా’

అప్పుడు గోంగూర దగ్గరికి వచ్చాం. ఆయన ముఖం ఎలా ఉంది అని అడిగాను. కనుబొమ్మలు పైకెత్తాడు, తల ఊపాడు. మళ్లీ చెంచా పెట్టాడా? పెట్టాడు, రెండోసారి బ్రెడ్డు మీద రాసుకున్నాడు. తిట్టిన మనిషి మళ్లీ ఎందుకు తింటాడమ్మా అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

ఆయన అన్నది దాదాపు ఖాయంగా "సె పా దెగో, తోఁ త్ర్యుక్." ‘పా దెగో’ ఒక స్థిరపడిన పలుకుబడి. దెగో కాదు అంటే బాగుంది అని. కాస్త ఆశ్చర్యంతో కూడిన మెప్పు. ఫ్రెంచ్‌వాళ్లు మెచ్చుకోవలసి వస్తే చెడ్డమాట తీసుకుని దాని ముందు కాదు అని పెడతారు: ‘పా మాల్’ అంటే చెడ్డ కాదు, అంటే బాగుంది. ‘పా బెత్’ అంటే తెలివితక్కువ కాదు, అంటే మంచి ఐడియా. మనకూ ఈ అలవాటు బాగానే ఉంది. కొత్త కోడలి వంట తిని మామగారు "తీసిపారేసేట్టు లేదే" అంటే ఆ పిల్ల వంటింట్లోకెళ్లి ఏడవదు.

మాట్లాడే వేగంలో ఈ ‘పా’ చాలా పొట్టిగా, ఒత్తు లేకుండా పోతుంది. వ్యాకరణం ప్రకారం ముందుండాల్సిన ‘న’ను మాట్లాడేటప్పుడు అసలే మింగేస్తారు. పుస్తకంలో ‘కాదు’ అన్న అర్థానికి రెండు గుర్తులుంటే నోట్లో ఒక్కటే మిగులుతుంది. అదీ జారిపోయి, వెనకాల వచ్చే బరువైన మాటే చెవిన పడుతుంది. తనకు జరిగిందదే.

పులిహోర రోజు తల్లి అన్న వాక్యం కూడా ఇప్పుడు కట్టగలిగాం. తనకు గుర్తున్న ముక్కలు పేర్చితే ఫ్రాన్స్‌లో ప్రతి బల్ల దగ్గరా పెద్దవాళ్లు చెప్పే వాక్యం వచ్చింది: "ఓఁ న ది పా బొర్క్, ఓఁ ది జ నెమ్ పా." బొర్క్ అనకూడదు, నాకు నచ్చలేదు అనాలి. ఆవిడ పులిహోరను తిట్టలేదు. పులిహోర తరఫున కొడుకును మందలించింది.

ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ముచ్చటేస్తుంది. పళ్లెంలో ఉన్నది బాగాలేదు అనే హక్కు నీకు లేదు, నీ నాలుక సంగతి మాత్రం నువ్వు చెప్పుకో అని నాలుగేళ్లవాడికి నేర్పడం అది. పళ్లెంలోది ఎవరో వండినది. అందుకే ముందు ఒక ముద్ద రుచి చూడాలన్న పట్టింపు కూడా ఉంటుంది ఆ ఇళ్లలో. ఇప్పుడు అక్టోబరు సంగతి ఆ తల్లి వైపునుంచి చూడండి. కొడుక్కి రోజూ వద్దని చెప్పే పని ఇరవై నాలుగేళ్ల పిల్ల చేసింది, రుచైనా చూడకుండా, అంతకంటే గట్టి మాటతో.

వాసనను ఫ్రెంచ్‌వాళ్లు పట్టించుకోరని కాదు. లియోన్‌లోనే ఆఁదుయెత్ అని పేగులతో చేసే సాసేజ్ ఉంది, మన బోటికి దగ్గరి చుట్టం. లియోన్‌కు దశాబ్దాలపాటు మేయరుగా ఉన్న ఎదువార్ ఎరియో అన్నాడని చెప్పుకునే మాట ఒకటుంది: రాజకీయం ఆఁదుయెత్ లాంటిది, కాస్త మలం వాసన రావాలి, మరీ ఎక్కువ రాకూడదు. వాసన గురించి వాళ్లు ఎంతైనా నవ్వుకుంటారు. కానీ ఆ నవ్వు ఇంటివాళ్లది. అతిథి అందులో చేరడానికి టైమ్ పడుతుంది.

‘ఛీ’ డైరీ

మాటల అర్థం తెలిసినంత మాత్రాన నోరు మారదు. తను అసలు ఛీ ఎప్పుడెప్పుడు అంటోందో వారంపాటు రాసి పెట్టమన్నాను, రూమ్మేట్లతో, ఇంటికి ఫోన్లో, తనలో తాను. రెండు పేజీలు నిండాయి. కలిసి చదివితే మా ఇద్దరికీ ఆశ్చర్యం.

బస్సు తప్పిపోయింది: "ఛ!" తాళాలు మరిచిపోయింది: "ఛ ఛ." ఫ్రెండు పెళ్లి సంబంధం గురించి ఏడిపించింది: "ఛీ పో!" తమ్ముడు పరీక్ష సరిగా రాయలేదట: "ఛ, పాపం." నిజంగా రోత పుట్టి అన్నవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అంటే నేను ‘ఛీ’కి సమానం అని నేర్పిన మాట, తన ఛీలలో చాలావాటికి పనికిరాదు. బస్సు తప్పిపోతే ‘జ్యుత్’ అనో ‘మ్యాఁస్’ అనో అనాలి. ఏడిపిస్తే "అరెత్!" ఆపవే అని. తమ్ముడికి ‘ఓ నోఁ’. ఛీ అన్న ఒక్క అక్షరంలో మనం సిగ్గు, విసుగు, జాలి, తిట్టు, రోత అన్నీ సర్దేశాం. ఫ్రెంచ్‌లో ఒక్కోదానికి ఒక్కో సంచీ.

ఇంకొకటి కూడా చూశాను. జాలిపడేటప్పుడు తను నాలుకతో ‘చ్చ్ చ్చ్’ అంటుంది, మనందరం అంటాం. ఫ్రాన్స్‌లో ‘చిప్’ అని ఒక చప్పుడు ఉంది, పళ్ల మధ్యనుంచి గాలి లోపలికి పీల్చుతూ చేసేది. ఆఫ్రికా, కరీబియన్ మూలాలున్న కుటుంబాల నుంచి స్కూలు పిల్లలందరికీ పాకింది. అది తృణీకారం. మనది పొట్టి, అది పొడుగు, కానీ తెలియని చెవికి తేడా ఏముంది. స్కూలు గేటు దగ్గర పడిపోయిన పిల్లను చూసి జాలితో చ్చ్ అనేముందు ఒకసారి ఆలోచించమన్నాను.

గొంతు

ఉచ్చారణ మీద ఒక్క సెషనే పెట్టాను కానీ నేను ఎక్కువ నేర్చుకున్నది అక్కడే. ఫ్రెంచ్ ‘ర’ మనవాళ్లకు రాదు. నాలుక కొనతో పలికే ర మనది, వాళ్లది గొంతు వెనకనుంచి. ఏళ్ల తరబడి పుక్కిలించండి, గరగరలాడించండి అని చెబుతూ వచ్చాను. ఈసారి వేరేలా చెప్పాను: వారంపాటు మూత పెట్టి మరిచిపోయిన పప్పు గిన్నె తెరిచావనుకో. ఏ మాటా అనొద్దు, గొంతును మాత్రం వదిలేయ్. తను ముఖం చిట్లించింది, గొంతు వెనక బిగుసుకుని ఒక చప్పుడు వచ్చింది. ఆ చప్పుడే ఫ్రెంచ్ ర!

రోత పుట్టినప్పుడు మనిషి ముఖం వాంతికి సిద్ధమయ్యే కదలికలే చేస్తుందని డార్విన్ 1872లోనే రాశాడు. నోరు, ముక్కు, గొంతు ఎవరివైనా ఒకటే. బొర్క్‌లో ఆ గొంతు బిగింపు మాటలోనే ఉంది. దాని ముందున్న అచ్చు కూడా అంతే. ‘ఎ’ అనడానికి నాలుక పెట్టుకుని, పెదాలు మాత్రం ‘ఒ’కు చుట్టాలి. తెలుగులో రాయడానికి అక్షరం లేదు, అందుకే ఒ రాసి సర్దుకుంటున్నాను. దెగో చివర కూడా ఇలాంటిదే, ‘ఏ’ అంటూ పెదాలు ఇంకాస్త ముందుకు. ఇప్పుడు నా ప్రతి బ్యాచ్‌కూ ర పాఠం బొర్క్‌తోనే మొదలుపెడుతున్నాను.

పని చేయనిది, చేసింది

నా మొదటి సలహా బెడిసికొట్టింది. మున్‌స్తేర్ సంగతికి క్షమాపణ చెప్పమని ఆరు వాక్యాలు రాసిచ్చాను. తను బట్టీపట్టి అప్పజెప్పింది. ఆవిడ అయోమయంగా చూసి, ఏ చీజ్ అంది. గడిచిపోయిన నెలనాటి విషయం, పైగా ఆఫీసు ఉత్తరంలాంటి భాష. మాట తూలిన చోట ఉత్తరం పనిచేయదని నాకు ముందే తెలియాల్సింది.

తర్వాత ప్లాన్ మార్చాం. ఇకనుంచి బొర్క్, దెగో లాంటివి వినడానికి, అర్థం చేసుకోవడానికి మాత్రమే. బల్ల దగ్గర తను అనడానికి మూడే మాటలు: ‘జెమ్ పా త్రో’, నాకు అంతగా నచ్చదు. ‘సె పార్తిక్యులియే’, ఒక రకంగా ఉంది. అన్నిటికంటే మంచిది ‘జే పా లాబిత్యూద్’, నాకు అలవాటు లేదు. పరాయి దేశంలో ఉన్నవాళ్లకు ఈ మూడోది నిజం కూడా. ఎవరి తిండినీ తప్పుపట్టదు, దూరాన్ని మాత్రం చెబుతుంది. ఈ మూడింటినీ పదిరోజులు రకరకాల గొంతులతో పలికించాను. వేగంగా, నవ్వుతూ, నోట్లో ముద్ద పెట్టుకుని.

డిసెంబరులో ఒక శుక్రవారం ఆవిడే తనను రాత్రి భోజనానికి ఉండమంది. బల్లమీద ఉడికించిన బంగాళాదుంపలు, పక్కన అదే మున్‌స్తేర్. "జే పా లాబిత్యూద్, మే జ గూత్" అంది మా అమ్మాయి. అలవాటు లేదు కానీ రుచి చూస్తాను. ఆవిడ ఒక ముక్క కోసి, దాని మీద కొన్ని గింజలు చల్లి ఇచ్చింది. చూస్తే మన షాజీరాలాగే. అల్సాస్‌లో మున్‌స్తేర్‌తో అలాగే తింటారట. మా బిర్యానీలో వేసేది ఇదేనండీ అంటూ తను ఆ గింజ వేళ్లమధ్య నలిపి వాసన చూసింది. అప్పుడు చెప్పిందట ఆవిడ, ఆ చీజ్ తన తండ్రి ఊరినుంచి ప్రతి శరదృతువులో వస్తుందని. మన ఊరినుంచి అమ్మ పంపిన ఆవకాయ జాడీని ఎవరైనా మూతి ముడిచి పక్కకు నెడితే ఎలా ఉంటుందో, అక్టోబరులో ఆవిడకు అలా ఉండి ఉంటుంది.

తనకు మున్‌స్తేర్ నచ్చలేదు. ‘పార్తిక్యులియే’ అంది. ఆవిడ పగలబడి నవ్వి, ఫ్రెంచ్‌వాళ్లకు నచ్చకపోతే సరిగ్గా అదే అంటారు అందట.

గోంగూర సంగతి ఆయన్ను అడగమన్నాను, మొహమాటపడింది. కానీ క్రిస్మస్ సెలవులకు ముందు ఖాళీ గాజుసీసా కడిగి చేతికిచ్చి, మళ్లీ నింపి తెస్తావా అన్నాడట. ఇంకేం అడగాలి.

అన్నీ కుదుటపడ్డాయని చెప్పను. ఇప్పటికీ కంగారులో ‘సె దెగూతాఁ’ నోటికొచ్చేస్తుంది, మొదట నేర్చుకున్న మాట కదా. సహవిద్యార్థుల మధ్య వేగంగా వచ్చే కత్తిరింపు మాటలు సగమే అందుతున్నాయి. పని మానలేదు.

ఈ ఫిబ్రవరిలో నాకొక వాయిస్ మెసేజ్ పంపింది. స్కూలునుంచి కొండ దిగి వస్తున్నారు, తను, నాలుగేళ్లవాడు. ఫుట్‌పాత్ మీద కుక్క చేసిన పని అడ్డం వచ్చింది. వాడు ఆగి, చెయ్యి చూపించి "బొర్క్, కాకా!" అన్నాడు. అది వీధి, ఎవరి పళ్లెమూ కాదు. తనూ వాడితో కలిసి గట్టిగా "బొర్క్!" అంది. వాడు తలెత్తి చూశాడు. కాదు, అలా కాదు అని, తన మూతి సున్నాలా చుట్టి చూపించి, గొంతు బిగించి, మెల్లగా సాగదీసి మళ్లీ పలికాడు. తను వాడి మూతి చూస్తూ అంది. ఇంకోసారి, అన్నాడు వాడు.